కుడి ముక్కకు ఒకే ఒక్క వాక్యం

రెండు దారాలు కలిపి, మాస్ స్టిచ్ అనే బొడిపెల అల్లికలో అల్లిన చుట్టు కార్డిగన్‌కు నిన్న సాయంత్రం ఆఖరి కుట్టు వేశాను. దాన్ని అల్లే విధానం చెప్పే ప్యాటర్న్ రాసిన మహానుభావుల మీద కోపం చల్లారకముందే ఇదంతా రాసిపెట్టాలని కూర్చున్నాను. గుండీలు లేకుండా, ముందరి రెండు భాగాలు ఒకదాని మీద ఒకటి వచ్చి నడుము దగ్గర నాడాలతో కట్టుకొనే ఈ రకం కార్డిగన్ చీర మీదికి చక్కగా అమరుతుంది. కనుక ఢిల్లీ చలిలో కాపురముంటున్న మన ఆడవాళ్లెవరైనా మొదలుపెట్టదలిస్తే, నేను ఎక్కడ చిక్కుకుపోయానో ముందుగా తెలిసి ఉండడం మంచిది.

మా ఆడపడుచు అమెరికా నుంచి వస్తూ పట్టు కలిసిన మోహైర్ ఉండలు ఆరూ, ఈ ప్యాటర్న్ కాగితమూ తెచ్చిపెట్టింది. మోహైర్ అంగోరా జాతి మేక బొచ్చు నుంచి వచ్చేది. అంగోరా ఊలు అని అమ్మేది కుందేలుది. ఈ దారం ఎంత సన్నమంటే 25 గ్రాముల ఉండలో 210 మీటర్లు ఉంటుంది. దీనికి జతగా, 50 గ్రాములకు 200 మీటర్లు వచ్చే మెరీనో గొర్రె ఊలు కరోల్‌బాగ్‌లోని ఒక దుకాణంలో కొన్నాను. రెండూ కలిపి అల్లితే మెరీనో ఆకారాన్ని నిలబెడుతుంది, మోహైర్ నూగు కుట్ల మధ్య సందులను కప్పేస్తుంది, అందువల్ల అల్లిక వదులుగా ఉన్నా గాలి దూరదు, బరువూ పెరగదు. రెండు దారాలూ ఒకే పొడవున ఖర్చవుతాయి గనుక కొనేటప్పుడు చూడవలసింది గ్రాములు కాదు, మీటర్లు. ఆ దుకాణదారుకు ఈ సంగతి చెబితే విననట్టే ఊరుకొని, రెండూ చెరి అర్ధకిలో తీసుకొమ్మన్నాడు. పైగా మోహైర్ అంటూ అతడు చూపించిన నూగు ఊలు చీటీ మీద నూరు శాతం అక్రిలిక్ అనే ఉంది. అనుమానం వస్తే ఒక పోగు కాల్చి చూడండి: జంతువుల బొచ్చయితే వెంట్రుక కాలిన వాసన వచ్చి బూడిదవుతుంది, అక్రిలిక్ కరిగి గట్టి పూసలా ముద్దకడుతుంది.

సూదుల దగ్గర కూడా అతడితో వాదన తప్పలేదు. కాగితంలో 9వ నంబరు సూదులు అని ఉంది గనుక అతడు 9వ నంబరువే తీసి ఇచ్చాడు. అమెరికా లెక్కలో నంబరు పెరిగేకొద్దీ సూది లావవుతుంది. మన దుకాణాలలో ఇప్పటికీ నడుస్తున్న పాత బ్రిటిష్ లెక్కలో నంబరు పెరిగేకొద్దీ సన్నబడుతుంది. అమెరికా వారి 9 అంటే 5.5 మిల్లీమీటర్లు, అది మన 5వ నంబరు. మన 9 అంటే 3.75 మిల్లీమీటర్లు, అది వారి 5వ నంబరు. నేను మిల్లీమీటర్లలో అడిగితే, ముప్ఫై ఏళ్లుగా ఊలు అమ్ముతున్నవాడికి నేర్పుతారా అన్నాడు. ముప్ఫై ఏళ్లుగా ఎందరి స్వెటర్లు బిగుసుకుపోయి ఉంటాయో అనుకొని, సూది మొదట్లో చెక్కిన అంకె నేనే చూసుకొని తెచ్చుకున్నాను.

నమూనా ముక్క ఉతికి ఆరబెట్టిన తరువాత 10 సెంటీమీటర్లకు 16 కుట్లు, 26 వరుసలు సరిగ్గా వచ్చాయి. వెనుక భాగం 84 కుట్లతో మొదలై ఏ పేచీ లేకుండా ముగిసింది.

అసలు కథ ముందు భాగాలది. ఎడమ ముక్కకు 76 కుట్లు ఎక్కించాలి. 18 సెంటీమీటర్లు నిటారుగా అల్లిన తరువాత మెడ వైపు వరుస విడిచి వరుసలో ఒక్కొక్క కుట్టు తగ్గిస్తూ, చివరకు భుజానికి 21 కుట్లు మిగల్చాలి. ఇంతవరకు పసిపిల్లలకైనా అర్థమవుతుంది. అది ముగిసిన తరువాత, మరొక పేరాలో, ‘అదే సమయంలో’ అని ఒక మాట పెట్టి, ముక్క పొడవు 33 సెంటీమీటర్లు అయినప్పుడు చంక దగ్గర 4 కుట్లు మూసి (అంటే ఇక అల్లకుండా అక్కడే ముగించి), ఆపైన వరుస విడిచి వరుసలో ఒక్కొక్కటి చొప్పున మరో 4 తగ్గించాలని రాశారు. ముందు చేయవలసిన పనిని తరువాతి పేరాలో చెప్పడం ఏ మర్యాదో నాకు తెలియదు. వంట పుస్తకంలో ఎవరైనా పులుసు దించిన తరువాత చింతపండు నానబెట్టమని రాస్తారా?

కాగితం మొత్తం ముందే చదివి ఉండడం వల్ల ఆ గుంటలో పడకుండా, నాలుగు నిలువు గడులు గీసుకున్నాను: వరుస సంఖ్య, చంక వైపు తగ్గింపు, మెడ వైపు తగ్గింపు, సూది మీద మిగిలిన కుట్లు. ఆ పట్టిక ప్రకారం 33 సెంటీమీటర్ల దగ్గర సూది మీద 56 కుట్లు ఉండాలి, చంక మలుపు పూర్తయ్యేసరికి 43 ఉండాలి, అక్కడి నుంచి మెడ వైపు మాత్రమే మరో 22 పోవాలి. ఈ మూడు అంకెలు ప్యాటర్న్‌లో ఎక్కడా లేవు. అచ్చువేసేవారికి ఇవి ఇవ్వడానికి అంగుళం జాగా చాలేది. ఆ జాగాలో సముద్రతీరాన నవ్వుతున్న ఒక అమ్మాయి ఫోటో వేసుకున్నారు.

పట్టిక వేసుకున్నా మరొక చిక్కు మిగిలింది. మాస్ స్టిచ్‌లో, అంటే ఇక్కడివారు సాబుదానా అనే అల్లికలో, నున్నగా కనిపించే సీదా కుట్టు ఒకటి, బొడిపెలా కనిపించే ఉల్టా కుట్టు ఒకటి మారుతూ పోవాలి, పై వరుసలో సీదా మీద ఉల్టా, ఉల్టా మీద సీదా పడాలి. అంచున ఒక కుట్టు తగ్గించగానే సరిసంఖ్య బేసి అవుతుంది, వరుసను దేనితో మొదలుపెట్టాలో ఆ లెక్క తారుమారవుతుంది. మామూలు ఊలుతో అయితే లెక్కపెట్టనక్కరలేదు: ఎదురుగా బొడిపె కనిపిస్తే సీదా వేయాలి, నున్నగా కనిపిస్తే ఉల్టా వేయాలి. మోహైర్ నూగు కింద ఏది బొడిపెయో ఏది నునుపో కంటికి ఆనదు. ట్యూబులైటు కింద ఎంత చూసినా తెల్లటి పొగమంచే కనిపించేది. చివరకు పగటి వెలుతురులో, బొటనవేలితో తడిమి చూస్తూ అల్లవలసి వచ్చింది. అందుకే మోహైర్ కలిపేవారు లేత రంగు తీసుకోవాలని, ముదురు నీలం, నలుపు జోలికి పోవద్దని గట్టిగా చెబుతాను. ఇంకొక మాట: సూది కొన్నిసార్లు రెండు పోగులలో మెరీనోను మాత్రమే పట్టుకొని మోహైర్‌ను వదిలేస్తుంది, అది వెంటనే కనిపించదు, కొన్ని వరుసల తరువాత వెనుక చిన్న ఉచ్చులా వేలాడుతుంది. ప్రతి వరుస చివర ముక్కను వెనక్కి తిప్పి చేత్తో ఒకసారి నిమిరితే అక్కడికక్కడే దొరికిపోతుంది. ఎన్నో వరుసలు పైకి పోయాక మోహైర్‌ను విప్పదీయడమంటే చిక్కుపడిన జుట్టును దువ్వెన లేకుండా విడదీయడమే.

ఇంత కష్టపడి ఎడమ ముక్క పూర్తిచేసి, కుడి ముక్క కోసం కాగితం తిప్పితే ఒకే ఒక్క వాక్యం ఉంది: ఎడమ ముక్కలాగే అల్లండి, మలుపులు మాత్రం తిరగవేయండి. అంతే. ఎడమ ముక్కలో చంక కుట్లు మూసేది ముందు వైపు వరుస, అంటే ముక్క ముందు ముఖం మనకు ఎదురుగా ఉండగా అల్లే వరుస, మొదట్లో. కుడి ముక్కకు చంక అటు చివర ఉంటుంది, కుట్లు మూయడం వరుస మొదట్లోనే కుదురుతుంది, కనుక అది వెనుక వైపు వరుసకు జరగాలి. దానితో చంక, మెడ తగ్గింపులు ఒకే వరుసలో పడవు, నా పట్టికలోని వరుస సంఖ్యలన్నీ పనికిరాకుండా పోతాయి. లెక్కల్లో ఎమ్మెస్సీ చదివినదాన్ని. అద్దంలో ప్రతిబింబం ఎలా ఉంటుందో నాకు ఒకరు చెప్పనక్కరలేదు. అయినా ఆ ఒక్క వాక్యం ముందు నా చదువు దిగదుడుపే అయింది. గళ్ల కాగితం మీద బొమ్మ గీసి, దాన్ని కిటికీ అద్దానికి ఆనించి వెనుక నుంచి చూస్తూ కొత్త పట్టిక రాశాను, కొట్టేశాను, మళ్లీ రాశాను.

ఆ కాగితాలన్నీ పట్టుకొని మా కాలనీ పార్కుకు వెళ్లాను. చలికాలంలో మధ్యాహ్నం ఎండకు అక్కడ ఆడవాళ్లు చాపలు పరుచుకొని అల్లుతూ ఉంటారు. నా పట్టికలు చూసి ఒకావిడ, మద్రాసీలకు చలే తెలియదు, స్వెటర్లు ఏం అల్లుతారు, అని పక్కావిడతో అన్నది. నాకు వినపడాలనే అన్నది. మనం ఆంధ్రులమని ఇన్నేళ్లుగా చెబుతున్నా మద్రాసీలమే. నాకు ముఖం మాడిపోయింది. అందరూ బీజీ అని పిలిచే పంజాబీ పెద్దావిడ మాత్రం నా కాగితాలను పక్కకు నెట్టి, ఎడమ ముక్కను చేతిలోకి తీసుకొని ముందూ వెనుకా తిప్పి చూసింది.

“ఇది రెండు వైపులా ఒకటే కదా, బేటా. ఇలాంటిదే ఇంకొకటి అల్లి, తిరగేసి కుట్టు,” అన్నది.

నాకు నోట మాట రాలేదు. మాస్ స్టిచ్‌కు ముందు వెనుకలు లేవు. రెండు ముఖాలూ ఒకటే. రెండు ఎడమ ముక్కలు అల్లి ఒకదాన్ని బోర్లా వేస్తే అదే కుడి ముక్క. ఏ మలుపునూ తిరగవేయనక్కరలేదు, తగ్గింపుల ఆనవాళ్లు ఏమైనా ఉంటే మోహైర్ నూగే కప్పేస్తుంది. నేను సిగ్గుపడిన మాట నిజమే గాని, సిగ్గుపడవలసింది నేను కాదు. సాబుదానా అల్లిక ఎంచుకున్నవారికి, డబ్బు తీసుకొని ప్యాటర్న్ అమ్మినవారికి, ఆ మాట రాయడానికి ఏం అడ్డువచ్చింది? బడి ముఖం చూడని బీజీ ఒక్క చూపులో పట్టుకున్నదాన్ని వారు కాగితం మీద పెట్టలేకపోయారు. మీ అల్లిక రెండు వైపులా ఒకేలా ఉండే రకమైతే, తిరగవేయమన్న వాక్యాన్ని కొట్టివేసి హాయిగా రెండూ ఒకేలా అల్లుకోండి. నా పట్టిక అక్షరాలా రెండవ ముక్కకూ పనికివచ్చింది.

చేతులు సులువుగా అయిపోయాయి. ముక్కలను కలిపి కుట్టడానికి మెరీనో ఒక్కటే వాడాలి, మోహైర్ కలిస్తే దారం జారదు. కుడి భాగం పైకి వస్తుంది గనుక లోపల ఉండే ఎడమ భాగపు నాడా బయటికి రావడానికి కుడి పక్క కుట్టులో, నడుము ఎత్తున, 4 సెంటీమీటర్ల సందు వదలాలి. గోరువెచ్చని నీళ్లలో నానబెట్టి, పిండకుండా తువ్వాలులో చుట్టి నొక్కి, పరిచి ఆరబెట్టాలి; తీగ మీద వేలాడదీస్తే మోకాళ్ల దాకా సాగుతుంది.

ఇవాళ చీర మీద వేసుకొని పార్కుకు వెళితే, ఇంత నున్నగా మెడ మలుపు పంజాబీల చేతిలో కూడా చూడలేదని బీజీయే అన్నది. మద్రాసీలన్న ఆవిడ దగ్గరకు వచ్చి, అంచు తడిమి చూసి, తన కోడలికి ఒకటి అల్లిపెడతారా అని అడిగింది. ఊలు మీటర్ల లెక్కన కొని, రెండు ఎడమ ముక్కలు తనే అల్లి తెచ్చుకుంటే చేతులు నేను అల్లి ఇస్తానని చెప్పాను. రెండూ ఎడమవే ఎందుకని ఆవిడ అడుగుతూనే ఉంది, నేను ఇంటికి వచ్చేశాను.