నట్టు మీద పసుపు గీత

పదకొండున్నర దాటింది. ఇంట్లో అందరూ పడుకున్నారు. నాకు కళ్ళు మూసుకుంటే చాలు, సాయంత్రం గొడవ మళ్ళీ మొదటి నుంచీ నడుస్తోంది. రాసేస్తే నిద్ర పడుతుందేమో చూద్దాం.

తమ్ముడు నాన్న బండికి మిలిటరీ టైర్లు వేయించుకొచ్చాడు. డిస్కులతో, అంటే టైరు తొడిగే ఇనప చక్రాలతో సహా, నాలుగుకి నాలుగూ. పొద్దున విజయవాడ ఆటోనగర్ వెళ్తున్నానంటే ఎప్పట్లాగే సెల్ఫ్ మోటారు పనేమో అనుకున్నాను. సాయంత్రం సందు మొదట్లోంచే గుయ్యిమని మోత. ఏదో ట్రాక్టరనుకుని గేటు తీస్తే మన పికప్పు. వాడు కిందికి దిగకముందే "ఎట్లా ఉందక్కా?" అన్నాడు. ఎదురింటి పిల్లలు అప్పటికే చుట్టూ మూగారు. అమ్మ గుమ్మంలోంచే చూసి, ఏమీ అనకుండా లోపలికి వెళ్ళిపోయింది. అమ్మ అట్లా వెళ్ళిందంటే ఏంటో మీకు తెలుసు.

బండికి ఇన్నాళ్ళూ ఉన్నవి 6.00-16 టైర్లు, అంటే టైరు వెడల్పు ఆరంగుళాలు, డిస్కు పదహారంగుళాలు. ఇప్పుడు వేసినవి 7.00-16. ఆ పాత మహీంద్రా బండ్లూ మిలిటరీ జీపులూ ఒకే వంశం. డిస్కుకి అయిదు బోల్టులు, ఆ బోల్టుల వలయం కొలత అయిదున్నర అంగుళాలు. కాబట్టి డిస్కు చక్కగా కూర్చుంది. అంతవరకూ వాడు సరిగ్గానే చూసుకున్నాడు. కానీ టైరు ఎత్తు రెండంగుళాలు పెరిగితే బండి కింద ఖాళీ పెరిగేది ఒక్క అంగుళమే. ఆ అంగుళం కోసం స్టీరింగు రాయిలా అయింది, దానికి పవర్ స్టీరింగు కూడా లేదాయె. గేటులోకి తిప్పేటప్పుడు పూర్తిగా తిప్పితే ముందు టైరు కమాను పట్టీకి రాసుకుంటోంది. మీటరు 60 చూపిస్తుంటే నిజానికి 64 దగ్గర పోతుంటాం. తడిసిన తారు రోడ్డు మీద ఈ గడుల టైర్లకి పట్టు తక్కువ. గడుల మధ్య అన్ని ఖాళీలుంటే రోడ్డుకి ఆనే రబ్బరు ఎంత?

అవన్నీ సర్దుకోవచ్చు. నాకు ఒళ్ళు మండింది వాటి వయసు చూసి. కొత్త టైరు మీద ఉండే సన్నటి రబ్బరు మొలకలు ఇంకా అట్లాగే ఉన్నాయి. "చూడక్కా, రోడ్డెక్కనే లేదు" అని చూపించాడు. నిజమే. ఫోను లైటు వేసి టైరు పక్క గోడ చుట్టూ వెతికాను. కోడిగుడ్డు ఆకారం గీతలో నాలుగంకెలు, 2311. అంటే 2011లో 23వ వారం. తిరగని టైరే, కానీ పద్నాలుగేళ్ళు గోడౌనులో పడున్న టైరు. రబ్బరు వాడినా వాడకపోయినా ఎండుతుంది. డిస్కు అంచు దగ్గర బొటనవేలితో గట్టిగా నొక్కితే వెంట్రుకంత సన్నటి పగుళ్ళు తెరుచుకున్నాయి, పాత చెప్పు మడిచినట్టు.

"మిలిటరీ మాలు తమ్ముడూ, కొత్తవి" అన్నాడట షాపాయన. మిలిటరీ వాళ్ళు పక్కన పెట్టేసిన సరుకు వేలంలో ఉన్నదున్నట్టుగా అమ్ముతారు, తర్వాత ఎవరూ పూచీ పడరు. అది ఆయన కొనేటప్పుడు ఆయనకి తెలుసు. మరి అమ్మేటప్పుడు ఆ ముక్క మావాడికి చెప్పాలి కదా. ఆ నాలుగంకెలు చూసుకో బాబూ అని ఒక్క మాట. ఆ టైర్ల మీద ఎవరి పిల్లలు కూర్చుని వెళ్తారో ఆయనకి తెలుసా? పైగా డిస్కులకి ఆ ఆకుపచ్చ రంగు అట్లాగే ఉంచి పంపాడు. సైన్యం బండ్లకి తప్ప ఎవరికీ ఆలివ్ గ్రీన్ వేయకూడదని మోటారు వాహనాల నిబంధనల్లోనే ఉంది, 121వ రూలు. రేపే నల్లరంగు కొట్టించమంటే "డిస్కులు కూడా చూస్తారా అక్కా?" అంటాడు. రోడ్డు మీద ఆపితే సమాధానం చెప్పుకోవాల్సింది నేను. వారంలో నాలుగు రోజులు ఆ బండి నడిపేది నేనే.

ఇక్కడిదాకా రాసి మంచినీళ్ళు తాగొచ్చాను. ఫ్రిజ్ తలుపు మూస్తుంటే నాన్న గుర్తొచ్చాడు.

నేను ఆరో తరగతి. మార్చి నెల. ప్రత్తిపాడు అవతల చేలో ఎండుమిర్చి టిక్కీలు, అదే బస్తాలు, ఎత్తించుకుని, తెల్లారేసరికి గుంటూరు యార్డులో ఉండాలని రాత్రే బయల్దేరాం. 20 టిక్కీలు. డొంక సగం దాటామో లేదో అకాల వాన. నల్లరేగడి తడిస్తే ఎట్లా ఉంటుందో మన జిల్లా వాళ్ళకి చెప్పక్కర్లేదు. మట్టి చుట్టుకుని చుట్టుకుని టైరు గాడులన్నీ పూడిపోయి, చక్రం నున్నటి ముద్దలా ఉన్నచోటే తిరుగుతోంది. నాన్న టైర్లలో గాలి కొంత తీశాడు. తాటి మట్టలు తెచ్చి వేశాడు. గోనె పట్టాలు వేశాడు. బండి జానెడు కదలడం, మళ్ళీ దిగబడడం. వెనక టార్పాలిన్ కింద కాయ తడుస్తోందేమోనని ప్రతి పది నిమిషాలకీ చెయ్యి దూర్చి చూసేవాడు. ఆ ఘాటుకి నేను క్యాబిన్లో తుమ్ముతూనే ఉన్నాను. ఆ చేత్తోనే కళ్ళు తుడుచుకున్నాడేమో, తెల్లవార్లూ నాన్న కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

చీకటి విడిపోయేవేళ ఒక జీపు వచ్చింది. మిలిటరీలో చేసి రిటైరైన పెద్దాయన, పశ్చిమ గోదావరిలో మిలిటరీ మాధవరం వాళ్ళట, ఇటు కౌలుకి చేస్తున్నాడు. తాడు కట్టి రివర్సులో లాగాడు. ఆ టైర్ల గడులు ముందుకీ వెనక్కీ ఒకేలా ఉంటాయి, ఎటు నడిపినా బురదలో పట్టు ఒకటే. జాడ చూసి బండి ఎటు పోయిందో శత్రువుకి తెలియకూడదని అట్లా చేశారని ఆయన చెబుతుంటే నాన్న మాట్లాడలేదు. ఆ టైరు పక్కన గొంతుక్కూర్చుని, గడుల మధ్య వేళ్ళు పెట్టి లోతు చూస్తున్నాడు. వేలి గోరంతా మునిగింది. "ఎప్పటికైనా ఇవి వెయ్యాలి" అన్నాడు. తర్వాత ప్రతి వానాకాలం అనేవాడు. డబ్బు చేతికొచ్చిన ఏడాదల్లా ఒకసారి నా ఫీజు, ఒకసారి అత్తయ్య పెళ్ళి.

తమ్ముడికి అప్పటికి ఏడాది. వాడు ఆ రాత్రి చూడలేదు, నాన్న నోటితో వినడమే. ఎన్నిసార్లు విన్నాడో. ఇవాళ నాతో మాత్రం బుడమేరు వరదని సాకుగా చెప్పాడు. 2024 సెప్టెంబరులో విజయవాడ సింగ్ నగర్‌లో పిన్ని వాళ్ళ దగ్గరికి బండి పోలేకపోయింది కదా, అందుకని. ఒక్క అంగుళంతో వరద దాటగలమా? నీళ్ళు ఎయిర్ ఫిల్టర్‌లోకి పోతే టైరు ఎంత పెద్దదైనా ఇంజను ఆగిపోతుంది. అది వాడికీ తెలుసు. నాన్న కోసం వేయించానని నాతో చెప్పలేక ఆ మాట అని ఉంటాడు. నేనేమో వాడు దిగీ దిగగానే ఫోను లైటు వేసి అంకెలు వెతికాను. "బాగుందిరా" అని ఒక్క మాట ముందు అనాల్సింది.

కానీ పాత డిస్కులు షాపులో వదిలేసి రావడం మాత్రం నాకు మింగుడు పడటం లేదు. మార్పిడి కింద 3000 తగ్గించారట. నాన్న నట్లు బిగించిన ప్రతిసారీ నట్టు మీంచి డిస్కు మీదికి పసుపు పెయింటుతో ఒక గీత గీసేవాడు. నట్టు ఏ కొంచెం వదులైనా గీత విరిగి కనిపిస్తుంది. డిస్కు మీద పాత గీత పక్కన కొత్త గీత, దాని పక్కన ఇంకోటి. అవన్నీ ఇప్పుడు ఏ షాపు వెనక ఏ కుప్పలో ఉన్నాయో.

గీతల గురించి రాస్తుంటే ఇంకో సంగతి తట్టింది. డిస్కు మార్చాక యాభై, అరవై కిలోమీటర్లు తిరిగి నట్లు మళ్ళీ బిగించాలి. అందులోనూ రంగు దట్టంగా కొట్టిన డిస్కయితే నట్టు కింద రంగు నలిగి వదులవుతుంది. వారధి, మంగళగిరి, కాజ టోల్‌గేటు, అంత దూరం వచ్చాడు. చూశాడా అని అడగనే లేదు. లేచి టార్చి, వీల్ పానా తీసుకుని వెళ్ళాను.

నట్లు పాతవే వేశారు. ప్రతి నట్టు మీదా నాన్న గీతలో సగం ఉంది. మిగతా సగం డిస్కుతో పోయింది. ఒక నట్టు మీద గీత పైకి, ఒకదాని మీద పక్కకి, ఇంకోదాని మీద కిందికి. ఆకుపచ్చ డిస్కు మీద అవి దేన్నీ కలవడం లేదు.

ఒకటి విడిచి ఒకటి వరసలో నట్లన్నీ బిగించాను. వెనక కుడిచక్రానికి ఒక నట్టు పావు చుట్టు తిరిగింది. ఎప్పుడొచ్చాడో తమ్ముడు వెనక నిలబడి ఉన్నాడు. టార్చి నా చేతిలోంచి తీసుకుని పట్టుకున్నాడు. ఇద్దరం ఏమీ మాట్లాడుకోలేదు. మా అమ్మాయి నెయిల్ పాలిష్ తెచ్చి నట్టు మీంచి డిస్కు మీదికి గీతలు గీస్తుంటే అడిగాడు, "డిస్కులు అమ్మేసుంటారా అక్కా?"

తొమ్మిదింటికి షాపు తెరుస్తారట. టైర్ల సంగతి కూడా అప్పుడే అడగాలి. 3000 పర్సులో పెట్టుకున్నాను.