నీళ్లలో ఎంతసేపు ఉండాలో ఎవరు చెప్పాలి?

"ఆగండి, నన్ను పట్టుకోవద్దు" అంది ఆవిడ, గట్టిగానే. టెక్సస్‌లో నేను మెయింటెనెన్స్ చూసే హోటల్‌కి వీల్‌చెయిర్‌లో వచ్చిన గెస్ట్. స్విమ్మింగ్ పూల్ గట్టు మీద లిఫ్ట్ సీట్లోకి మారుతుంటే సాయం పట్టబోయాను. మా మేనత్త వయసు మనిషి. చేతులు కట్టుకుని చూస్తూ నిలబడితే మన ఊళ్లో ఏమంటారు?

ఆవిడే సీట్లోకి జరిగి, బెల్టు పెట్టుకుని, బటన్ నొక్కింది. సీటు మెల్లగా నీళ్ల మీదికి తిరిగి కిందికి దిగింది. హాయిగా ఈదింది. నీళ్లలోంచే మళ్లీ బటన్ నొక్కుకుని పైకొచ్చింది.

ఆ మాట నాకు చాలా రోజులు గుచ్చుకుంది. సాయానికి వెళ్తే వద్దనడమేంటి?

ఆ లిఫ్ట్ బ్యాటరీ రోజూ చూసుకునేది నేనే. రూల్స్ అన్నీ తెలుసు. ఏడీఏ, అంటే అమెరికాలో వికలాంగుల హక్కుల చట్టం, దాని 2010 ప్రమాణాల ప్రకారం, పెద్ద పూల్ అంటే చుట్టూ గోడల మొత్తం పొడవు 300 అడుగులూ ఆపైన ఉంటే, దిగడానికి రెండు దారులుండాలి. అంతకన్నా చిన్నదైతే ఒకటి చాలు, అది లిఫ్టో వాలుదారో అయ్యుండాలి. సీటు నీటిమట్టానికి కనీసం 18 అంగుళాలు కిందికి దిగాలి, 300 పౌండ్లు మోయాలి. ఇవన్నీ కొలతలు. నన్ను ఇబ్బంది పెట్టింది ఇంకో షరతు: ఎవరి సాయం లేకుండా, గట్టు మీంచీ నీళ్లలోంచీ కూడా ఆ మనిషే దాన్ని నడుపుకోగలగాలి. పక్కన మనుషుల్లేని దేశం కాబట్టి మిషన్ పెట్టుకున్నారు అనుకునేవాణ్ణి. ఇప్పటికీ కొంత అలాగే అనిపిస్తుంది. 2015 గోదావరి పుష్కరాల్లో రాజమండ్రిలో మా నాయనమ్మను బాబాయిలు కుర్చీతో సహా ఎత్తి మెట్లు దింపారు. ఒక్కరూ విసుక్కోలేదు.

అయితే నాయనమ్మ మూడు మునకలు వేయగానే "ఇక చాలమ్మా, పద" అన్నది మేమే. ఇంకాసేపు ఉంటానంది. వెనక జనం, మోసేవాళ్లకు చేతులు లాగుతున్నాయి. మా ప్రేమకు లోటు లేదు, కానీ ఆవిడ నీళ్లలో ఎంతసేపుండాలో మా ఓపికను బట్టే తేలింది. నీళ్లలోంచి కూడా బటన్ అందాలని చట్టం ఎందుకు పట్టుబట్టిందో నాకు అక్కడ అర్థమైంది.

2027లో మళ్లీ పుష్కరాలు. నది మట్టం మారుతుంది కాబట్టి పూల్ లిఫ్టు అక్కడ కుదరకపోవచ్చు. కానీ 12 అడుగులకు ఒక అడుగు దిగే వాలుదారి, రెండువైపులా పట్టుకోవడానికి కమ్మీలు, ఒక్క ఘాట్‌లోనైనా కట్టాలి. అప్పుడు కుర్చీ మోసిన మా పెద్దబాబాయి ఇప్పుడు కర్ర లేనిదే మెట్టు దిగలేడు.