నాపరాయి మీద కూర్చుని అవక్షేప శిల బట్టీ పడుతున్నారు

మా బడి తాండూరు దగ్గర. మొన్న రాళ్ళ పాఠం రివిజన్ చేస్తుంటే ఒకమ్మాయి లేచి కళ్ళు మూసుకుని "శిలలు మూడు రకాలు, అగ్ని శిలలు, అవక్షేప శిలలు, రూపాంతర శిలలు" అని గుక్క తిప్పుకోకుండా అప్పజెప్పింది. శభాష్ అన్నాను. సరే, ఒక అవక్షేప శిల చూపించమ్మా అంటే గోడ కేసి చూసింది, కిటికీలోంచి బయటికి చూసింది, చివరికి నా వైపు చూసింది. కాళ్ళ కింద మాత్రం చూడలేదు. మా తరగతి గది నేలంతా నాపరాయే. పిల్లల్లో సగం మంది ఇళ్ళలో ఎవరో ఒకరు గనిలోనో పాలిషింగ్ దగ్గరో పని చేస్తారు, ఆ రాయి గురించి నాకంటే వాళ్ళకే ఎక్కువ తెలుసు.

మర్నాడు ఒక విరిగిన బండ ముక్క, నిమ్మకాయ, మేకు తీసుకెళ్ళాను. ముందు బండ అంచు చూపించాను, పుస్తకం పేజీల్లా సన్నటి గీతలు కనిపిస్తాయి. ఇది పొరలు పొరలుగా ఎందుకు విడిపోతుంది అని అడిగితే వెనక బెంచీలో పిల్లాడు "గనిల మా నాయిన గడ్డపారతో లేపుతడు సార్, చపాతీ లెక్క లేస్తది" అన్నాడు. అంతకంటే మంచి నిర్వచనం నా దగ్గర లేదు. ఒకప్పుడు ఇక్కడ లోతు తక్కువ సముద్రం ఉండేది, దాని అడుగున సున్నపు బురద పొర మీద పొర పేరుకుని, పై బరువుకి నొక్కుకుపోయి గట్టిపడింది. 'అవ' అంటే కిందికి, 'క్షేపం' అంటే వేయడం, కిందికి చేరి పేరుకున్నది కాబట్టి అవక్షేపం. ఇలా విడగొట్టి చెబితే మాట దానంతట అదే గుర్తుంటుంది, కానీ రాయి చేతిలో పెట్టాకే విడగొట్టాలి, ముందే విడగొడితే అది తెలుగు వ్యాకరణం క్లాసు అయిపోతుంది.

తర్వాత మేకుతో బండ మీద గట్టిగా గీకి, రాలిన పొడి మీద నిమ్మరసం పిండాం. సన్నగా బుడగలు వచ్చాయి. అందరూ తలలు దూర్చేసరికి నాకు బండ కనిపించలేదు. ఆ బుడగలు కార్బన్ డయాక్సైడ్, ఈ బండ సున్నపురాయి అని చెప్పే గుర్తు. సిమెంటు చేసేది సున్నపురాయితోనే, తాండూరు చుట్టూ సిమెంటు ఫ్యాక్టరీలు ఎందుకున్నాయో కూడా అందులోనే ఉంది. "సముద్రం ఉంటే మరి చేపలు, గవ్వలు ఏవి సార్?" అని ఒకడు అడిగాడు. ఈ రాయి ఏర్పడేనాటికి చేపలూ గవ్వలూ ఇంకా పుట్టనే లేదు అంటే క్లాసంతా ఒక్క నిమిషం నిశ్శబ్దం.

మిగతా రెండు రకాలకీ దూరం పోనక్కర్లేదు. హైదరాబాద్ వెళ్తే కనిపించే పెద్ద పెద్ద గుండ్లు, గోల్కొండ కోట నిలబడిన కొండ, అవన్నీ గ్రానైట్, దాదాపు 250 కోట్ల ఏళ్ళ కిందటిది. అది భూమి లోపలే కరిగిన శిలాద్రవం నెమ్మదిగా చల్లారి గట్టిపడినది. మన వికారాబాద్ వైపు నల్లరేగడికి మూలమైన బసాల్ట్ కూడా అగ్ని శిలే, కానీ అది సుమారు 6.6 కోట్ల ఏళ్ళ కిందట పైకి పొంగి పారిన లావా. కందిచేలో కాళ్ళకి అంటుకునే నల్ల బురద ఒకప్పుడు నిప్పులా పారిందంటే పిల్లలు నమ్మరు, నమ్మించడానికి కాస్త సమయం పెట్టాలి. రూపాంతర శిలకి నేను పలక చూపిస్తాను. మార్కాపురం పలకలు తెలుసు కదా, బురద రాయి భూమి లోపలి ఒత్తిడికీ వేడికీ మారి పలక రాయి అయింది. అలాగే సున్నపురాయి మారితే పాలరాయి.

ఖనిజానికీ శిలకీ తేడా అడిగితే పెద్దవాళ్ళే తడబడతారు. పులిహోరలో అన్నం, పల్లీలు, పోపు వేరువేరుగా కనిపించినట్టే గ్రానైట్ ముక్కలో గులాబీ రంగు ఫెల్‌స్పార్, గాజులాంటి పలుగురాయి (క్వార్ట్జ్), నల్లగా మెరిసే అభ్రకం కనిపిస్తాయి. ఆ ఒక్కొక్కటీ ఖనిజం, అన్నీ కలిసింది శిల.

నన్ను ఎక్కువ ఇబ్బంది పెట్టేవి మాత్రం శైథిల్యం, క్రమక్షయం, నిక్షేపణ. మూడూ ఒకే పేజీలో వస్తాయి, పరీక్షలో పిల్లలు ఒకదానికి బదులు ఒకటి రాసేస్తారు. నేను బడి వెనక గోడ దగ్గరికి తీసుకెళ్తాను. ఎండకీ వానకీ గోడ పెచ్చులూడి అక్కడే పడితే శైథిల్యం, శిథిలమైన కోట అంటాం కదా, ఆ మాటే. వాన నీళ్ళు ఆ పొడిని కొట్టుకుపోతే క్రమక్షయం. నీళ్ళ వేగం తగ్గిన చోట అదే పొడి మేట వేస్తే నిక్షేపణ. కాగ్నా వాగు పొంగి తగ్గాక పొలాల్లో ఇసుక మేటలు వేసిందని ప్రతి రైతూ అంటాడు. ఆ 'మేట' అన్న మాట పాఠంలో నిక్షేపణ పక్కన రాసి ఉంటే ఎంత బాగుండేది! నిక్షేపణ అనే మాట తీసేయమని నేను అనను, పై క్లాసుల్లో అదే కావాలి, కానీ ఇంటి మాట పక్కన లేకపోతే పిల్లలకి అది నోటికి వస్తుంది, మనసుకి అందదు. 'నిక్షేపంగా ఉన్నాడు' అంటే పిల్లలకి వేరే అర్థం తెలుసు, అది కూడా కలుస్తుంది మధ్యలో.

భూమి పొరలకి సుద్దముక్కతో నేల మీద ఒక మీటరు గీత గీయించాను. భూమి పై నుంచి కేంద్రం దాకా 6,371 కిలోమీటర్లు అనుకుంటే, మనం నిలబడే భూపటలం ఆ గీతలో అర సెంటీమీటరు కంటే కాస్త ఎక్కువ. దాని కింద దాదాపు 45 సెంటీమీటర్ల దాకా ప్రావారం, అంటే కప్పుకునే ఉత్తరీయం, మిగతాదంతా కేంద్ర మండలం. మనిషి ఇప్పటిదాకా తవ్విన అతి లోతైన బోరు రష్యాలో కోలా దగ్గర ఉంది, 12 కిలోమీటర్ల పైచిలుకు. అది మా గీత మీద రెండు మిల్లీమీటర్లు కూడా లేదు. ఆ రెండు మిల్లీమీటర్లు స్కేలుతో కొలిచిన అమ్మాయి ఎవరంటే, మొదట కళ్ళు మూసుకుని అప్పజెప్పిన అమ్మాయే. కొలిచి, స్కేలు అక్కడే పెట్టి "మరి లోపల ఏముందో ఎట్ల తెలిసింది సార్?" అంది.

గంట కొట్టేశారు. ఆ ప్రశ్నకి జవాబు భూకంప తరంగాల్లో ఉంది, రేపటి క్లాసు వాటితోనే మొదలవుతుంది, 2024 డిసెంబరు 4న ములుగు దగ్గర వచ్చిన భూకంపం వీళ్ళందరికీ గుర్తుంది.