450 హార్స్‌పవర్ ఆక్టేవియాకి ఇంటర్‌కూలర్ ఎంత ఉండాలి?

"అన్నా, హైబ్రిడ్ టర్బో వేయిస్తున్నా. ఇంటర్‌కూలర్ ఏ సైజు పెట్టమంటావ్?"
"బంపర్ వెనక పట్టినంత పెద్దది పెట్టేయ్ తమ్ముడూ."

టర్బో నొక్కి పంపే వేడి గాలిని ఇంజన్‌లోకి వెళ్లేముందు చల్లబరిచేదే ఇంటర్‌కూలర్. హైబ్రిడ్ టర్బో అంటే కంపెనీ టర్బో బాడీలోనే పెద్ద చక్రాలు పెట్టినది. కార్ల గ్రూపుల్లో ఈ ప్రశ్నకి దొరికే జవాబు దాదాపు ఇదే. చెడ్డ సలహా అనను గానీ, పెద్దదంటే ఏ వైపు పెద్దదో చెప్పకపోతే దాంతో పని జరగదు. పొడవా, ఎత్తా, మందమా? మూడింటి పనీ వేరు. తప్పు వైపు పెంచితే డబ్బుతో పాటు బూస్ట్ (టర్బో ఇచ్చే అదనపు పీడనం) కూడా పోతుంది, పైగా ఇంజన్ వేడెక్కుతుంది.

ఒక కారు పెట్టుకుని లెక్క వేద్దాం. స్కోడా ఆక్టేవియా వీఆర్ఎస్, ఈఏ888 రెండు లీటర్ల ఇంజన్. టర్బో మార్చాక క్రాంక్ దగ్గర (అంటే ఇంజన్ షాఫ్ట్ మీద) 450 హార్స్‌పవర్ రావాలి. ఊరు హైదరాబాద్, మే నెల మధ్యాహ్నం, బయట 40 డిగ్రీలు. (1.5 టీఎస్ఐ స్లావియా, వర్టస్ ఉన్నవాళ్లకి ఈ లెక్క నేరుగా పనికిరాదు. వాటిలో బూస్ట్ గాలిని నీళ్లతో చల్లబరుస్తారు కాబట్టి అక్కడ చూసుకోవాల్సింది నీళ్ల పంపు, ముందుండే చిన్న రేడియేటర్.)

ముందు గాలి ఎంతో తేలాలి. పెట్రోల్ మీద ప్రతి 10 హార్స్‌పవర్‌కి నిమిషానికి ఇంచుమించు ఒక పౌండు గాలి కావాలి. అంటే 450కి 45 పౌండ్లు, సెకనుకి 0.34 కిలోలు. రెండు లీటర్ల ఇంజన్ అంత గాలి మింగాలంటే బూస్ట్ 1.9 బార్ చుట్టుపక్కల ఉండాలి. హైదరాబాద్ సముద్రమట్టానికి 500 మీటర్ల పైన ఉంది కాబట్టి ఇక్కడ వాతావరణ పీడనం 0.95 బారే. దానికి 1.9 కలిపితే 2.85, అంటే టర్బో గాలిని మూడు రెట్లు నొక్కుతోంది. కంప్రెసర్ ఎఫిషియెన్సీ 72 శాతం అనుకుంటే టర్బో నుంచి వచ్చే గాలి 200 డిగ్రీలుంటుంది. దాన్ని 60కి దించాలంటే 48 కిలోవాట్ల వేడి తీసేయాలి. రెండు కిలోవాట్ల గీజర్లు 24 ఒకేసారి ఆన్ చేసినంత.

గాలి 200 నుంచి బయటి 40 దాకా, ఎంత దిగినా 160 డిగ్రీలే దిగగలదు. అందులో 140 తీస్తే 87 శాతం. మంచి కోర్ (కూలర్‌లో గాలి చల్లబడే జాలీ భాగం) కూడా కారు పరుగులో ఉన్నప్పుడు 75 నుంచి 85 శాతం మధ్యే ఇస్తుంది. 80 శాతానికి 72 డిగ్రీల గాలి వస్తుంది. మరి 60 ఎలా చూపిస్తున్నాయి కొన్ని కార్లు? అల్యూమినియం బరువు వల్ల. పది కిలోల కోర్ ఒక డిగ్రీ వేడెక్కాలంటే 9 కిలోజౌళ్లు కావాలి. ఆరు సెకన్ల ఫుల్ త్రాటిల్‌లో వచ్చే వేడిలో చాలా భాగం ఆ లోహంలోకే పోతుంది, బయటి గాలి తర్వాత తీరిగ్గా దాన్ని చల్లబరుస్తుంది. అందుకే డ్రాగ్ రన్‌కి బరువైన బార్ అండ్ ప్లేట్ కోర్ (కడ్డీలు, పలకలు పేర్చి చేసినది) బాగుంటుంది. ట్రాక్ మీద ల్యాపు తర్వాత ల్యాపు తిప్పేవాళ్లకి బరువు కలిసిరాదు. ముందు నుంచి గాలి సులువుగా దూరే కోర్ కావాలి, తేలికైన ట్యూబ్ అండ్ ఫిన్ (పలచని గొట్టాలు, రేకులతో చేసినది) అయినా సరే.

ఇప్పుడు ప్రెషర్ డ్రాప్, అంటే కూలర్ దాటేలోపు గాలి పోగొట్టుకునే పీడనం. చాలామంది ఉష్ణోగ్రత ఒక్కటే చూసి దీన్ని వదిలేస్తారు. ఇంజన్‌కి కావాల్సింది గాలి సాంద్రత; అది పీడనాన్ని బట్టీ, ఉష్ణోగ్రతను బట్టీ మారుతుంది. మన 2.85 బార్ అంటే 41 పీఎస్ఐ. అందులో ఒక్క పీఎస్ఐ కూలర్‌లో పోతే సాంద్రత 2.4 శాతం తగ్గుతుంది. గాలి 8 డిగ్రీలు వేడెక్కినా తగ్గేది అంతే. కాబట్టి కొత్త కూలర్ 10 డిగ్రీలు ఎక్కువ చల్లబరిచి, రెండు పీఎస్ఐ ఎక్కువ తినేస్తే మీరు డబ్బిచ్చి నష్టం కొనుక్కున్నట్టే. ఈసీయూ (ఇంజన్ కంప్యూటర్) బూస్ట్ తగ్గనివ్వదు కదా అంటారు. నిజమే, తగ్గనివ్వదు. ఆ లోటు పూడ్చడానికి టర్బోని ఇంకా వేగంగా తిప్పుతుంది, గాలి ఇంకా వేడెక్కుతుంది. 450 దగ్గర ఫుల్ ఫ్లోలో ఒకటి నుంచి ఒకటిన్నర పీఎస్ఐ డ్రాప్ మంచిది. రెండు దాటితే ఆ కోర్ ఈ టర్బోకి చిన్నది.

గాలి ఒక ట్యాంకు (కోర్ చివరుండే డబ్బా) నుంచి అవతలి ట్యాంకుకి అడ్డంగా వెళ్లే మామూలు కోర్ తీసుకోండి. ఎత్తు పెంచితే ట్యూబుల వరసలు పెరుగుతాయి. ఒక్కో వరసలో గాలి వేగం తగ్గి డ్రాప్ తగ్గుతుంది, ముందు నుంచి చల్లగాలి తగిలే ముఖమూ పెరుగుతుంది. రెండు వైపులా లాభమే. పొడవు పెంచితే చల్లదనం పెరుగుతుంది గానీ గాలి నడిచే దూరం పెరిగి డ్రాప్ కూడా పెరుగుతుంది. మందం పెంచితే డ్రాప్ తగ్గుతుంది, కానీ వెనక అంగుళానికి తగిలేది ముందు అంగుళం వేడి చేసి వదిలిన గాలి. కాబట్టి మూడున్నర అంగుళాలు దాటాక వచ్చే లాభం తక్కువ.

మొదటి అంచనాకి ప్రతి 100 హార్స్‌పవర్‌కి ఎత్తు, మందం గుణిస్తే 8 చదరపు అంగుళాలు రావాలని పెట్టుకోండి. 450కి 36. అంటే 12 అంగుళాల ఎత్తు, 3 అంగుళాల మందం, పొడవు 22 నుంచి 24. బంపర్ బీమ్ (బంపర్ లోపలి అడ్డ దూలం) అడ్డొచ్చి ఎత్తు 10 మించకపోతే మందం మూడున్నర. ఎత్తు 8కే ఆగిపోతే మందంతో సరిపెట్టాలని చూడకండి. బీమ్ కోయించడమైతే అసలే వద్దు, కారు దేన్నైనా గుద్దినప్పుడు మిమ్మల్ని కాపాడేది అదే. ఈ కారులో కంపెనీ కూలర్ ఏసీ కండెన్సర్‌కీ రేడియేటర్‌కీ మధ్య ఉంటుంది. దాని ముఖం వైశాల్యం తక్కువేం కాదు, అదే చోట పట్టే మందమైన కోర్ 400 దాకా లాగించేస్తుంది.

450కి కూలర్‌ని వీటన్నిటికీ ముందు వేలాడదీస్తే, దాని వెనకున్న కండెన్సర్, రేడియేటర్ సంగతి కూడా చూడాలి. కోర్ గుండా సెకనుకి కిలోన్నర బయటి గాలి వెళ్తోందనుకుంటే, 48 కిలోవాట్లు దాన్ని 30 డిగ్రీలకి పైగా వేడి చేస్తాయి. అంటే మే నెలలో రేడియేటర్ ముఖానికి తగిలేది 70 డిగ్రీల గాలి. నాలుగున్నర అంగుళాల మందం కోర్ పెట్టి, ట్రాఫిక్‌లో ఏసీ చల్లగా రావట్లేదని మెకానిక్‌తో పోట్లాడి లాభం లేదు.

పైపుల గురించి పెద్దగా చెప్పడానికేం లేదు. రెండున్నర అంగుళాల పైపులో ఈ గాలి వేడి వైపు సెకనుకి 55 మీటర్లు, చల్ల వైపు 40 మీటర్ల వేగంతో వెళ్తుంది. ఆ వేగం పైపుకి ఏమీ కాదు. మూడు అంగుళాల పైపు అనవసరం, వంపులు తగ్గించడం మీద పెట్టండి ఆ డబ్బు. పైపు చివర బీడ్ (ఉబ్బెత్తు అంచు) లేకపోతే 1.9 బార్‌కి హోస్ ఊడుతుంది. నూనె తడి ఉన్నా ఊడుతుంది, బ్రేక్ క్లీనర్‌తో తుడిచి బిగించండి. ఇక పెద్ద కూలర్‌తో ల్యాగ్ (బూస్ట్ రావడంలో ఆలస్యం) పెరుగుతుందనే భయం: అదనంగా ఐదు లీటర్ల ఖాళీ నిండటానికి సెకనులో పదో వంతు కూడా పట్టదు.

ఆన్‌లైన్‌లో చవగ్గా దొరికే 31×12×3 కూలర్ల గురించి ఒక మాట. ఆ 31 ట్యాంకులతో కలిపి, కోర్ 24 మాత్రమే. చూడాల్సింది ట్యాంకుల లోపల. టార్చి వేసి చూడండి: గాలి లోపలికి రాగానే గోడకి కొట్టుకుంటోందా, వెల్డింగ్ బొట్లు వేలాడుతున్నాయా. బిగించే ముందు కిరోసిన్‌తో కడిగి, పూర్తిగా ఆరబెట్టి, రెండు చివరలూ గట్టిగా మూసి, నీళ్ల తొట్టిలో ముంచి 30 పీఎస్ఐ గాలి పెట్టండి. బుడగలొస్తే వెనక్కి పంపేయండి. కారెక్కాక లీకు బయటపడితే పీ0299 (బూస్ట్ చాలట్లేదనే) కోడ్ వస్తుంది, టర్బో ఊపిరాడక తిరుగుతుంది.

బిగించాక సైజు సరిపోయిందో లేదో కొలిచే చూడాలి. కూలర్‌కి ముందూ వెనకా ఒక్కో ప్రెషర్ గేజ్, మూసిన రోడ్డు మీదో డైనో (పవర్ కొలిచే యంత్రం) మీదో మూడో గేరులో 2500 నుంచి 6500 ఆర్‌పీఎం దాకా ఒక పుల్ (ఫుల్ త్రాటిల్ పరుగు), లాగ్‌లో (ఈసీయూ నుంచి తీసిన రికార్డులో) ఇంజన్‌లోకి వెళ్లే గాలి ఉష్ణోగ్రత, సిలిండర్ల వారీగా టైమింగ్ వెనక్కి లాగడం (నాకింగ్ రాకుండా ఈసీయూ స్పార్క్‌ని ఆలస్యం చేయడం). పుల్‌లో 10-15 డిగ్రీలు పెరిగితే మామూలే. పాతిక దాటి, టైమింగ్ నాలుగైదు డిగ్రీలు వెనక్కి పోతుంటే కూలర్ చాలట్లేదు. ఎక్స్‌పీ100 (100 ఆక్టేన్ పెట్రోల్) పోస్తే టైమింగ్ సర్దుకుంటుంది, గాలి మాత్రం అంతే వేడిగా ఉంటుంది.

డ్రాప్ రెండు దాటితే కోర్ మార్చాలి. డ్రాప్ తక్కువే ఉండి, పుల్ తర్వాత పుల్‌కి ఉష్ణోగ్రత ఎక్కుతూ పోతే తప్పు కోర్ సైజుది కాదు, ముందు గాలిది. బంపర్ గ్రిల్‌కీ కోర్‌కీ మధ్య సందులుంటే గాలి కోర్‌లో దూరడం మానేసి పక్కనుంచి జారిపోతుంది. ఆ సందులన్నీ గట్టి ఫోమ్‌తోనో అల్యూమినియం రేకుతోనో మూయించి మళ్లీ లాగ్ తీయండి. సిగ్నల్ దగ్గర 65 చూపించి, కదిలిన అర నిమిషంలో 50కి దిగితే అది ఆగి ఉన్నప్పటి వేడి, దానికి ఖర్చేమీ అక్కర్లేదు.