కాటా దగ్గర ఎవరు ఎటు చూస్తారు

ఆదివారం, గుంటూరు

పొద్దున్నే మా వీధినాటిక స్క్రిప్టు ముందేసుకుని కూర్చున్నాను. రెండో సీనులో కూలీల మేస్త్రీకి అరపేజీ డైలాగ్ ఉంది. రచయిత ఇష్టపడి రాశాడు, చదువుతుంటే నాకూ బాగుంది. కానీ మనం ఆడేది బజారులో. మైకు ఉండదు, ఆటోలు ఆగవు. అంత పొడుగు మాట అక్కడ నిలబడదు. నాలుగు లైన్లకి కుదించి ఫోన్లో చదివి వినిపించాను. కాసేపు ఏమీ అనలేదు. తర్వాత "ఆ ఆఖరి మాట మాత్రం తియ్యమాక" అన్నాడు. తియ్యలేదు. సీను మొత్తం దాని మీదే నడుస్తోంది మరి.

ఈ నాటికలో ఆడేవాళ్లు చాలావరకు మిరపకాయలకి తొడిమలు తీసే పనికి వెళ్లే ఆడవాళ్లు. కిలోల లెక్కన కూలి. పని నుంచి వచ్చి, వంట చేసి, పిల్లలకి పెట్టి, అప్పుడు కమ్యూనిటీ హాలుకి వస్తారు. తేజ రకం కాయ తీసిన రోజు అరచేతులు మండిపోతుంటాయి. కొబ్బరినూనె రాసుకుని వస్తారు, స్క్రిప్టు కాగితాల మీద ఆ నూనె మరకలు. ఘాటుకి గొంతు కూడా పట్టేస్తుంది. అందుకే రాగానే గట్టిగా మాట్లాడించను. గోరువెచ్చని నీళ్లు తాగి, పొట్ట నిండా ఊపిరి తీసుకుని, తమకొచ్చిన పాట ఏదో ఒకటి సన్నగా తీస్తారు. గొంతు దానంతటది తెరుచుకున్నాకే డైలాగులు.

ఈరోజు తీసుకుంది కాటా సీను. తీసిన కాయ తూకం వేస్తారు, మేస్త్రీ తరుగు కింద కొంత కొట్టేస్తాడు, కాయ తీసినామె అడుగుతుంది. మేస్త్రీగా వేసే కుర్రాడు డిగ్రీ చదువుతున్నాడు, పరిషత్తు పోటీల నాటికల్లో చేశాడు. పైన వేలాడే మైకు కిందకొచ్చి, ప్రేక్షకుల వైపు తిరిగి మాట్లాడటం అతనికి అలవాటు. స్టేజీకి అది అవసరమైన విద్యే. "అక్కా, నా మొకంలోకి చూసి కోపంగా అడుగు, తర్వాత జనం వైపు తిరుగు" అని ఆమెకి చెప్పాడు. ఆమె కదల్లేదు.

"కాటా కాడ మనిషి మొకం ఎవరు చూత్తారయ్యా? అంకె చూత్తాం" అంది.

నడుం వంచి, తల కొంచెం పక్కకి పెట్టి, లేని కాటా మీద లేని అంకెని చూసింది. కొంగు కాటాకి తగలకుండా ఎడంచేత్తో వెనక్కి లాగి పట్టుకుంది. డైలాగ్ మాత్రం మామూలు గొంతుతోనే: "ఇందాక సంచి ఎత్తినప్పుడు ఇంత తేలిగ్గా లేదే." హాల్లో ఎవరూ మాట్లాడలేదు. మేస్త్రీ కుర్రాడు తన లైను మర్చిపోయాడు.

డైరెక్టరుగా నా పని అక్కడే మొదలవుతుంది. ఆమె తెచ్చింది చెడిపోకుండా నలుగురికీ కనపడేలా చెయ్యాలి. బజారులో జనం మూడు వైపులా నిలబడతారు. ఆమె కిందికి చూస్తుంటే వెనకవాళ్లకి వీపే కనిపిస్తుంది. అందుకని కాటాని మధ్యలోకి తెచ్చాను. ఆమె ఒకవైపు, మేస్త్రీ ఎదురుగా, తమ వంతు కోసం చూసే ఇద్దరూ ఐమూలగా. ఇప్పుడు ఎటు నిలబడ్డవాళ్లకైనా ఒక మొహం దొరుకుతుంది, ఆ మొహాలన్నీ అంకెనే చూస్తుంటాయి. మేస్త్రీ ఒక్కడే వాళ్లని చూస్తాడు. అతని కోపం సగానికి తగ్గించమన్నాను. అధికారం ఉన్నవాడికి అరవాల్సిన పనేముంది?

సీన్ల మధ్యలో వంతలిద్దరిని పెట్టాం. బుర్రకథలో కథకుడికి అటూ ఇటూ ఉండే హాస్యం వంత, రాజకీయ వంత. ఆ పద్ధతి ఇక్కడివాళ్లకి నేర్పక్కర్లేదు. బుర్రకథకి పేరు తెచ్చిన షేక్ నాజర్ గారి ఊరు పొన్నెకల్లు మన జిల్లాదే. 1940ల్లో కమ్యూనిస్టుల కళాసంస్థ ప్రజానాట్యమండలి ఊరూరా బుర్రకథ చెప్పినప్పుడు, ఆ రోజు జనం నోట్లో నలుగుతున్న సంగతిని కథలోకి లాక్కొచ్చింది రాజకీయ వంతే. మా రాజకీయ వంత వయసులో అందరికన్నా పెద్దావిడ. ఆ వారం కిలోకి ఎంత ఇచ్చారో ఆవిడే అడిగి చెబుతుంది. ఆ లైను స్క్రిప్టులో ఖాళీగా వదిలేశాం.

మధ్యాహ్నం ఒక మిత్రుడు వచ్చి, దీన్ని గంట నాటికగా పెంచి పరిషత్తుకి పంపమన్నాడు. బహుమతి వస్తుందన్నాడు. రావచ్చు. నాకూ పరిషత్తులంటే గౌరవమే, పని నేర్చుకుంది అక్కడే. అయినా నా మనసు ఒప్పుకోలేదు. గంట చెయ్యాలంటే ఇంకో పాత్ర, ఒక ఏడుపు సీను, క్లాప్స్ కోసం ఒక ముగింపు కావాలి. అవి వస్తే కాటా దగ్గర ఆ చూపు పోతుంది. ముందు ఇది వాళ్ల బజారులో, వాళ్ల పక్కింటివాళ్ల ముందు ఆడాలి. అరగంట చాలు.

రిహార్సల్ అయ్యాక కుర్రాడు ఉండిపోయాడు. ఆ సీను మళ్లీ చేద్దామన్నాడు, ఈసారి తను ఆమె వైపు కాకుండా కాటా పక్కన పెట్టిన పుస్తకం వైపు చూస్తాడట, లెక్క రాసుకుంటూ. మంచి ఆలోచన. రేపు ఆమె ముందు చేసి చూడాలి. ఆమెకి రేపు పని లేటట, ఎనిమిదిన్నరకి పెట్టమంది. హాలు తాళం అప్పటిదాకా ఉంచమని కమిటీ ఆయనకి చెప్పాలి.