ఖయిదీలు వినుచుండిరి

మొన్న ఆదివారం ఆరాధన అయ్యాక మా క్వయర్‌లో, అంటే పాటల బృందంలో, మళ్ళీ అదే మాట వచ్చింది, ముందే రికార్డు చేసిన ట్రాక్ పెట్టి పాడదామా డోలక్ మీద పాడదామా అని. శ్రీకాకుళం దగ్గర మా చిన్న సంఘంలో పద్నాలుగేళ్ళుగా కీబోర్డ్ వాయిస్తున్నాను, కాబట్టి నాకు అనిపించింది రాస్తున్నాను.

మా సంఘంలో ఒకన్న విజయనగరం సంగీత కళాశాలలో, అదే 1919లో పెట్టిన కాలేజీ, వయొలిన్ నేర్చుకున్నారు. ఆయన అనేదేంటంటే దావీదు రాజు దేవుని మందిరంలో పాడ్డానికి ఎవర్ని పడితే వాళ్ళని నిలబెట్టలేదు, బైబిల్లో మొదటి దినవృత్తాంతాలు 25వ అధ్యాయం తీసి చూడండి, నేర్పున్నవాళ్ళే 288 మంది, శనివారం ప్రాక్టీసుకి రానోళ్ళు ఆదివారం మైక్ పట్టుకోవద్దు అని. తబలా తమ్ముడేమో నేర్పు సరే అన్నా, ఏడవని గుండెతో పాడితే ఎవరికి అంటాడు. పౌలు గారు రెండూ కలిపే చెప్పారు, "ఆత్మతో పాడుదును, మనస్సుతోను పాడుదును" (1 కొరింథీ 14:15).

బాణీల గొడవ కూడా ఉంది. తెలుగులో క్రైస్తవ కీర్తనలు రాసిన పురుషోత్తమ చౌదరి గారు (1803–1890) పుట్టింది మన పాతపట్నం దాటితే వచ్చే పర్లాకిమిడి వైపే, ఆయన కీర్తనలు పల్లవి చరణాలతో మన జనం చెవికి అలవాటైన పద్ధతిలోనే కట్టారు, కీర్తనల పుస్తకం తెరిస్తే పాట పైన రాగం తాళం కూడా వేసుంటుంది, ఆ లైన్ మనం చూడనే చూడం. అందుకే కుర్రాళ్ళు కొత్త బాణీ కడితే నాకు అభ్యంతరం లేదు, కాకపోతే చరణంలో బైబిలు వాక్యం ఉండాలి, ముసలమ్మలు కూడా గొంతు కలపగలిగే శృతిలో ఉండాలి.

నన్ను ఎప్పుడూ ఆపేసే వచనం మాత్రం అపొస్తలుల కార్యములు 16:25. చెరసాలలో, వీపు మీద దెబ్బలు, కాళ్ళకి బిగించిన కొయ్య బొండ, మధ్యరాత్రి, పౌలు, ఆయనతో ఉన్న సీల కీర్తనలు పాడుతున్నారు, ఆ వెంటనే "ఖయిదీలు వినుచుండిరి" అని ఉంటుంది. వాళ్ళు పాడింది ఖైదీల కోసం కాదు, దేవునికి. పెద్ద కూటాల్లో స్టేజి ఎక్కినప్పుడు నా కళ్ళు జనం వైపే పోయేవి, ఈ వచనం దగ్గరే నేను ప్రార్థన చేసుకోవలసి వచ్చింది.

పోయినేడు మా సంఘం పెద్దమ్మ ఒకామె ఆసుపత్రిలో ఉంటే నలుగురం వెళ్ళాం. కీబోర్డ్ లేదు డోలక్ లేదు, వార్డులో గట్టిగా పాడకూడదు, ఆమె మంచం చుట్టూ నిలబడి చిన్న గొంతుతో ఒక పాత కీర్తన అందుకున్నాం, రెండో చరణం నాకు సరిగ్గా రాదు, ఆమే కళ్ళు మూసుకుని అందించింది. అక్కడితో ఆపేశాం. పక్క మంచం దగ్గర కొడుక్కి తోడుగా కూర్చున్న ఒక ముసలాయన, మేమెవరో తెలీదు ఆయనకి, "ఏటి బాబూ ఆపేసినారు, ఇంకోపాలి పాడండి, మా వోడు ఇంటన్నాడు" అన్నాడు. ఆ అబ్బాయి మా వైపు తిరిగి పడుకుని ఉన్నాడు. మళ్ళీ పల్లవి నుంచి ఎత్తుకున్నాం.