ఎనిమిదో ధోతి

నాలుగు నెలలుగా ఒక నవల రాస్తున్నాను. జనగామ వైపు ఒక దొర గడి, 1945 నాటి చలికాలం, తెల్లవారేసరికి మేడగదిలో దొర శవం. ఇంగ్లండులో ఇలాంటి కథలు పల్లెల్లోని పెద్ద బంగళాల్లో నడుస్తాయి. మనకు గడి ఉండనే ఉంది, ఎత్తైన ప్రహరీతో, బురుజులతో, రాత్రి గడియ పడితే ఎవరూ దాటలేని దర్వాజాతో. చిక్కంతా అనుమానితుల దగ్గర వచ్చింది. అక్కడ ఏడెనిమిది మంది సరిపోతారు. ఇక్కడ వెట్టి చేసినవాళ్లను, భూమి పోగొట్టుకున్నవాళ్లను, దండుగ కట్టినవాళ్లను లెక్కిస్తూ పోతే ఊరంతా వరుసలో నిలబడుతుంది.

దారి చూపింది ఒక నిజమైన కేసు. 1860 జూన్ చివర ఇంగ్లండులోని రోడ్ హిల్ హౌస్‌లో నాలుగేళ్లు నిండని సావిల్ కెంట్‌ను చంపారు. స్కాట్లండ్ యార్డు నుంచి వచ్చిన జాక్ విచర్, పదహారేళ్ల సవతి అక్క కాన్‌స్టెన్స్‌ను అనుమానించాడు. ఉతుకు బట్టల పద్దులో ఆమె రాత్రి గౌను ఒకటి తగ్గింది. ఆ గౌను దొరకనే లేదు, అమ్మాయిని విడిచిపెట్టారు, అందరూ విచర్‌నే తిట్టారు. ఐదేళ్ల తర్వాత, 1865లో, ఆమే నేరం ఒప్పుకుంది.

గడి బట్టలకు కాగితం మీద పద్దు ఉండదు, కానీ చాకలి గుర్తు ఉంటుంది. మా అమ్మమ్మ దాచుకున్న పాత దుప్పటి అంచున నల్లజీడి రసంతో పెట్టిన మూడు చుక్కలూ ఒక అడ్డగీతా ఇప్పటికీ చెరిగిపోలేదు. అందుకే నా కథలో అసలు సాక్షి చాకలామె: "బాంచెన్, మూటల ఏడు ధోతులు ఉండాలె, ఎనిమిది ఎల్లినయి. ఆ ఒక్కదానికి నా గుర్తు లేదు."

విచారణకు వచ్చిన అమీన్, అంటే నిజాం పోలీసు అధికారి, హైదరాబాదు కాయస్థుడు. రాతకోతలన్నీ ఉర్దూలోనే, తెలుగు అంతంతమాత్రం. ఆడవాళ్ల వాంగ్మూలాలను ఘోషా వెనుక నుంచి దొర చెల్లెలు ఉర్దూలోకి మార్చి చెబుతుంది. అతనికి ఆమె గొంతు, గాజుల చప్పుడు తప్ప మరేమీ తెలియదు. ఈ ప్రేమ నెమ్మదిగానే సాగాలి. ఇంగ్లీషు డిటెక్టివ్ రచయిత్రి డొరొతీ సేయర్స్ నవలల్లో డిటెక్టివ్ పీటర్ విమ్సీకి 1930లో పరిచయమైన హారియెట్ వేన్ అతనితో పెళ్లికి సరే అన్నది 1935లో కదా! నాకు అంత వ్యవధి లేదు. 1946 జూలై 4న కడవెండిలో దొడ్డి కొమరయ్య నేలకొరిగాక ఏ గడిలోనూ ఇంత తీరికైన కథ నడవదు.

నిన్న రాత్రి తొమ్మిదో అధ్యాయం రాశాను. చాకలామె చెప్పిన మాటల్లో ఏడు ధోతుల వరకే దొర చెల్లెలు ఉర్దూలో చెప్పి ఆగిపోయింది. మూడు వారాలుగా బంట్రోతు దగ్గర తెలుగు అంకెలు నేర్చుకుంటున్న అమీన్‌కు ఎనిమిది అన్న మాట వినబడనే వినబడింది. తలుపు వైపు ఒకసారి చూసి, కాగితంలో ఒక వరుస ఖాళీగా వదిలి, తర్వాతి సాక్షిని పిలవమన్నాడు.